అడుగు గింజలు

బస్తా మూతి మడిచి సూది కిందికి తోయబోతూ దీనమ్మ చెయ్యి ఆపేసింది. ఎర్రటి జొన్నల మధ్య ఒక నీలం గింజ కనబడింది.

తెల్లబట్టలకు పెట్టే నీలిమందు రంగు. రెండు వేళ్లతో తీసి అరచేతిలో వేసుకుంది. జొన్నగింజే. అంతే లావు, అంతే గుండ్రం. చెమట తగిలి అరచేతిలో చిన్న మరక చేసింది. ఈలోగా బెల్టు మీద వెనక బస్తా వచ్చి ముందు బస్తాను గుద్దింది. దాని వెనకది దాన్ని గుద్దింది.

"దారం తెగిందేందే?" కాటా దగ్గర్నుంచి ఆమోసు కేకేశాడు. దీనమ్మ మొగుడు. ప్రతి బస్తా యాభై కిలోలు తూగిందో లేదో చూసి ఆమె వైపు తోయడం అతని పని.

"తెగలా. ఒకసారి ఇటు రా."

"నేనొస్తే కాటా ఎవురు చూస్తారు, మీ అక్కొచ్చి చూస్తదా?"

ఆమోసు రాలేదు. సామ్యూలు వచ్చాడు. దీనమ్మ అక్క విమలకుమారి భర్త అతను. ఆ షెడ్డుకు లీడ్‌మాన్, అంటే కూలీల మీద మేస్త్రీ. నెత్తిన పసుపు టోపీ, చేతిలో తడిసిన రుమాలు.

"ఎందుకు ఆపావు?"

దీనమ్మ అరచెయ్యి చాపింది. సామ్యూలు గింజను తీసుకుని, ఊడిన బొత్తాం దాచుకున్నట్టు చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నడుపు. లైను ఆగితే పైకి కనబడుద్ది."

పైన అద్దాల గది ఉంది. మేనేజరు వేన్ అక్కడే కూర్చుంటాడు. షెడ్డు మొత్తానికి కూలరున్న గది అదొక్కటే.

"ఇది యాడ్నుంచి వచ్చింది బావా?"

"ఒక్క గింజకి పంచాయితీ ఏందమ్మా. నడుపు."

దీనమ్మ పెడలు తొక్కింది. మిషను టకటకమని బస్తా మూతి కుట్టేసింది. లోపల ఇంకో నీలం గింజ ఉందో లేదో ఇక తెలిసే దారి లేదు. బస్తా బెల్టు చివరిదాకా పోయి తోపుడుబండి మీద పడింది. అవతల పట్టాల మీద రైలు పెట్టెలు తలుపులు తీసుకుని నిలబడి ఉన్నాయి.

అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, ఆగస్టు నెల. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ ఊరికి ఉత్తరాన, రైలు పట్టాల పక్కన ఉంది ఆ షెడ్డు. పై రేకులు పొద్దున పదింటికే పెనంలా కాలుతున్నాయి. గోడకున్న పెద్ద ఫ్యాన్లు వేడిగాలినీ జొన్న దుమ్మునూ ఈ మూల నుంచి ఆ మూలకు తోస్తున్నాయి. దుమ్ము మెడ మడతల్లో చేరి చెమటతో కలిసి మంటపుడుతోంది.

ఆ దేశంలో జొన్న గొడ్ల మేత. మైలో అంటారు. పడమటి టెక్సాస్ పొలాల్లో పండి, రైలెక్కి వచ్చి, కోళ్ల దాణాకీ దూడల దొడ్లకీ పోతుంది. కరువొచ్చిన దేశాలకు పంపాలన్నప్పుడు మాత్రం బస్తాలకెక్కుతుంది. మూడేళ్ల కిందట దీనమ్మ, ఆమోసు ఆ పక్కనే ఇర్వింగ్ ఊళ్లో దిగిన కొత్తల్లో సామ్యూలు తన పని చెబితే దీనమ్మ పడీపడీ నవ్వింది. "ఇంత దూరం వచ్చి జొన్నలు మోస్తన్నావా బావా, మన పల్నాడులో లేవా జొన్నలు" అంది. వారం తిరిగేసరికి తనూ అక్కడే చేరింది.

చేరక ఏం చేస్తుంది? విమలకుమారి డాలస్ ఆసుపత్రిలో నర్సు. పౌరసత్వం వచ్చాక చెల్లెలికి కాగితాలు పెట్టింది. చెల్లెలికీ మరిదికీ చదువు లేదు, ఇంగ్లిషు లేదు. సామ్యూలు ఇద్దరినీ తన స్టేషన్‌వాగన్‌లో ఎక్కించుకుని తెచ్చి షెడ్డులో నిలబెట్టాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఇర్వింగ్‌లో ఒక బాప్టిస్టు చర్చి వెనక హాలులో తెలుగు ఆరాధన జరుగుతుంది. అక్కడికొచ్చే ఇంకో రెండు కుటుంబాల వాళ్లకూ అతనే పని వేయించాడు. గంటకు నాలుగు డాలర్లు. ప్రభుత్వం పెట్టిన కనీస కూలి కంటే కాస్త ఎక్కువ. ప్రార్థనలో సామ్యూలు పేరు ఎత్తకుండా వాళ్లు ఆమేన్ అనరు.

సామ్యూలు లీడ్‌మాన్ అయింది చీపురు పుణ్యాన. అతను చేరిన కొత్తల్లో నేలరాలిన గింజలను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. బూట్లతో తొక్కి, సాయంత్రం పారతో ఎత్తి, పందులు పెంచే ఒకాయన ట్రక్కులో పోసేవాళ్లు. సామ్యూలుకు ఆ పని కంటికి కష్టంగా ఉండేది. గింజ తొక్కితే వాళ్లమ్మ వీపు మీద చరిచేది. అతను బూట్లు నడిచే చోటు వదిలి మిగతా నేలంతా శుభ్రంగా ఊడ్చాడు. ఊడ్చినదాన్ని ఫ్యాను ముందు పోసి తూర్పారబట్టాడు. దీనమ్మ వచ్చాక అట్టపెట్టె కోసి చేటలాగా మడిచి చెరిగింది. మరుసటేడు గుంటూరు నుంచి వచ్చే వాళ్లెవరో నిజం చేటే తెచ్చిచ్చారు. మట్టి, పొట్టు, పావురాల రెట్ట, అన్నీ పోయి గింజ మిలమిలా మెరిసేది. వేన్ అది చూసి ముచ్చటపడ్డాడు. ఎవరొచ్చినా తీసుకొచ్చి చూపించేవాడు. కొన్నాళ్లకు, ఇంత బాగున్నవి పందులకెందుకన్నాడు. అప్పటి నుంచి రోజూ చివర్లో ఒకటి రెండు బస్తాలు ఆ గింజలతో నిండుతూ వచ్చాయి.

అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. పందికి పోయేది మనిషికి పోతోంది కదా అని దీనమ్మ సంతోషపడింది కూడా.

ఈ జూన్‌లో కుట్టుమిషను మనిషి మానేస్తే దీనమ్మను అక్కడ కూర్చోబెట్టారు. చేట గోడకెక్కింది. ఊడ్చిన గింజలు ఊడ్చినట్టే ఉత్తరం మూల కుప్పపడుతూ వచ్చాయి.

పది గంటల విరామంలో లూసిల్ వచ్చి దీనమ్మ భుజం తట్టింది. జొన్నలు పోసే పెద్ద తొట్టి కింది గొట్టానికి ఖాళీ సంచులు తగిలించే నల్లామె లూసిల్. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే తెలుస్తుంది. మిగతా సగం చేతులతో నడుపుకుంటారు. లూసిల్ ఆమెను ఉత్తరం మూలకు తీసుకుపోయి కుప్ప మీది టార్పాలిన్ అంచు ఎత్తింది.

కనబడ్డంత మేరా నీలం చుక్కలు. అక్కడక్కడా కాదు, పిడికెడు తీస్తే ఐదారు వస్తున్నాయి. గోడ వారగా రేకు పళ్లాలున్నాయి. జూలైలో ముసుగులు కట్టుకున్న మనుషులొచ్చి ఎలకల కోసం పెట్టిపోయిన మందు గింజలవి. కొన్ని పళ్లాలు బోర్లాపడి ఉన్నాయి. ఎలకలు తోశాయో, చీపురు తోసిందో. ఊడ్చేవాళ్లు గింజ అనుకునే ఊడ్చారు. ఒక్క గింజ కూడా వదలకుండా, ఎప్పటిలాగే శ్రద్ధగా ఊడ్చారు.

"హాగ్‌మాన్," అంది లూసిల్. "మండే." సోమవారం పందులాయన ట్రక్కు వచ్చినట్టు చేత్తో చూపించింది. వంగి గింజను చూసినట్టు చూపించింది. తల అడ్డంగా ఊపింది. ట్రక్కు ఉత్తదే వెళ్లిపోయినట్టు చూపించింది. "నో హాగ్ ఈట్ దిస్. నో సర్."

తర్వాత తొట్టి వైపు చూపించింది. కుప్ప పక్కన తోపుడుబండీ పారా ఉన్నాయి. బండి అడుగున నాలుగు గింజలు మిగిలున్నాయి. పొద్దుటి నుంచి ఆ బండి తొట్టికి పోయి వస్తోంది.

దీనమ్మ నేరుగా సామ్యూలు దగ్గరకు పోయింది. అతను నీళ్ల కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"పందులోడు వద్దన్న గింజలు మనిషికి పోస్తన్నావా బావా?"

సామ్యూలు ముఖం తుడుచుకోవడం ఆపలేదు. "ఆ లూసిల్‌కి నోరు ఊరుకోదు."

"దాని నోరు సంగతి తర్వాత. నువ్వు సెప్పు."

"ఏం చెప్పమంటావ్? రెండు రైలుపెట్టెల సరుకు తడిసి ముక్కిపోయి వచ్చింది. ఇంకో సరుకు వచ్చే వారానికి గానీ రాదు. హ్యూస్టన్‌లో ఓడ నిలబడి ఉంది. ఈ సాయంత్రం ఇంజనొచ్చి పెట్టెలు లాక్కుపోవాల. తక్కువ పడ్డాయంటే ఈ కాంట్రాక్టు పాయె. పోయిందంటే మన షిఫ్టు ఎత్తేస్తానని వేన్ రాత్రే చెప్పాడు. నువ్వు, ఆమోసు, మన చర్చి వాళ్లు, అందరూ. అర్థమైందా?"

"జల్లెడ పట్టిచ్చినా..."

"పట్టిచ్చా. రెండూ ఒకటే సైజు. దిగదు."

"మరి?"

"ఏడు వందల టన్నుల్లో ఈ కుప్పెంత? సముద్రంలో కాకిరెట్ట."

"కాకిరెట్ట తింటే సావరు బావా."

సామ్యూలు అటూ ఇటూ చూశాడు. ఆమోసు టిఫిను డబ్బా పట్టుకుని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మూత తీయలేదు.

"గొంతు తగ్గించు. మీ అక్క నీ కోసం ఎన్నేళ్లు కాగితాలు రాసిందో తెలుసా నీకు? పని పోయిందనుకో, ఏం తింటారు? ఆ అపార్ట్‌మెంటు ఎవరు కడతారు? నీ మాట ఇక్కడ వినేదెవరు?"

"మా అక్క సంగతి ఎత్తబాక. మనిద్దరం పుట్టింది ఒకటే పల్లె." దీనమ్మ గొంతు తగ్గించింది కానీ మాట తగ్గించలేదు. "కామందు కళ్లం ఎత్తుకుపోయినాక అడుగు గింజలు ఎవరివి? మనయ్యి. పేడా మట్టీ పెల్లలూ కలిపి ఊడ్చి, ఇదే మీ కూలీ, పట్టండి కొంగు అనేవాడు. మీయమ్మా మాయమ్మా ఒకే రాయి మీద కూకుని ఏరుకునేవాళ్లు. పళ్ల కింద రాయి పడి నీ పన్ను ఇరిగింది. అదుగో, ఇప్పటికీ మొండి పన్నే. ఆ గింజల్లో మట్టుంది గానీ మందు లేదు బావా. కామందు కూడా మందు కలపలా."

సామ్యూలు పెదవులు బిగించాడు. మొండి పన్ను కనబడకుండా.

"అన్నా," అన్నాడు ఆమోసు మెల్లగా, "దొరకి ఒకసారి చెప్పి చూడరాదూ."

"చెప్పకుండా ఉన్నాననుకుంటన్నావా? చెప్పా. ఆకలైనోళ్లు రంగు చూడరు శామ్ అన్నాడు." సామ్యూలు టోపీ పెట్టుకున్నాడు. "నేను ఈ షెడ్డులో కక్కసులు కడిగి పైకొచ్చా. మీ అందర్నీ తెచ్చుకున్నా. ఇవ్వాళ ఒక్కరోజు కళ్లు మూసుకోండి."

బెల్లు మోగింది.

పన్నెండు దాటాక ఒక కారు వచ్చి ఆగింది. టార్పాలిన్ కుప్ప మీద నాలుగు వైపులా కప్పమని సామ్యూలు మనుషులకు సైగ చేశాడు. తోపుడుబండి గోడ చాటుకు పోయింది. వేన్ మెట్లు దిగి వచ్చాడు. అతని వెంట పొడుగాటి నల్లబ్బాయి ఒకడు. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. పేరు లామిన్ సీసే. గాంబియా నుంచి వచ్చి టెక్సాస్‌లోనే వ్యవసాయం చదువుతున్నాడు. రైలు కదిలేలోపు సరుకు చూసి రమ్మని వాళ్ల రాయబార కార్యాలయం పంపింది.

వేన్ అతన్ని తలుపు దగ్గరి వరుసల ముందుకు తీసుకుపోయాడు. అవి నిన్నటి బస్తాలు. లామిన్ బోలు ఇనుపగొట్టాన్ని బస్తాల్లో గుచ్చి గింజలు తీశాడు. వాసన చూశాడు. ఒక గింజ పంటితో కొరికి తలూపాడు. ఆ గింజల్లో వంకపెట్టడానికి ఏమీ లేదు.

వేన్ అలవాటుగా గోడ మీది చేట తీసి చూపించాడు. "దీనా, కమాన్," అని పిలిచాడు. దీనమ్మ లేచి వెళ్లింది. లామిన్ చేటను రెండు చేతులా అందుకుని అటూ ఇటూ తిప్పాడు. ఏదో అని నవ్వాడు.

"వాళ్లమ్మ దగ్గర కూడా ఇట్టాంటిదే ఉందంట. గడ్డితో అల్లింది," అన్నాడు ఆమోసు. మూడేళ్లలో అతనికి ఆ మాత్రం ఇంగ్లిషు పట్టుబడింది.

"వాళ్లు కూడా జొన్నలే తింటారా అడుగు."

లామిన్ చెప్పాడు. సజ్జలూ జొన్నలూ తింటారట. వాళ్ల దేశం ఒక నదికి అటొక గట్టూ ఇటొక గట్టూ, అంతే. భూమి అంతా వేరుశనగ. అది ఓడలకెక్కించి, వచ్చిన డబ్బుతో బియ్యం కొనుక్కునేవాళ్లు. రెండేళ్లుగా వానలు లేవు. శనగా లేదు, సజ్జా లేదు. బియ్యం కొనడానికి డబ్బూ లేదు. ఇంత గింజ కావాలని సర్కారు లెక్కలు కట్టి లోకమంతా తిరిగి అడిగితే, సగం ఇస్తామన్నారు. ఆ సగంలో ఇప్పటికి వచ్చింది కొంచెం. ఈ రైలు కోసం చూస్తున్నారు.

ఆమోసు ఆగి ఆగి తెలుగులో చెబుతుంటే దీనమ్మ ఆ కుర్రవాడి ముఖమే చూస్తూ నిలబడింది. "మనూళ్లో పొగాకు ఏసి బియ్యం కొన్నట్టు," అంది.

"రేవులో దిగినవి దిగినట్టు దగ్గరి ఊళ్లకు పోతాయంట," ఆమోసు మళ్లీ అందుకున్నాడు. "పెట్టెల్లో ఆకర్న ఎక్కించినవి ఓడ అడుక్కి పోతాయంట, అవే ఆకర్న తీసి నది ఎగువకి. వాళ్లూరు అక్కడే."

ఆఖర్న ఎక్కించేవి. దీనమ్మ టార్పాలిన్ వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగపట్టుకుంది.

"దంచుకుంటారా, ఇసురుకుంటారా?"

"దంచుతారంట. వాళ్లమ్మ తెల్లారకముందే, చీకట్లోనే దంచుద్దంట. ఎండెక్కితే చెయ్యలేరని."

చీకట్లో గింజ ఏ రంగో ఎవరికి కనబడుతుంది? దీనమ్మ నోరు తెరిచింది. వేన్ వెనక సామ్యూలు నిలబడి ఉన్నాడు. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. కళ్లతో బతిమాలుతున్నాడు. బెదిరించి ఉంటే ఆమె చెప్పేసేదే. ఆ మనిషి బతిమాలడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆమె నోరు మూసుకుంది.

లామిన్ చేటను మళ్లీ రెండు చేతులా ఆమెకిచ్చాడు. "థాంక్యూ, మదర్," అన్నాడు. వేన్ అతని భుజం మీద చెయ్యేసి కారు దాకా పోయాడు. కారు దుమ్ము రేపుకుంటూ పెద్దరోడ్డు ఎక్కింది. దీనమ్మ చేటతో అక్కడే నిలబడి ఉంటే లూసిల్ ఆమెను చూసింది. ఖాళీ సంచులు లెక్కపెట్టుకుంటూ తన చోటికి పోయింది. ఆ చూపు దీనమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

వేన్ తిరిగొచ్చి గడియారం చూశాడు. టార్పాలిన్ తీయించాడు. ఇక కొంచెం కొంచెం కలపడాలు లేవు. రెండు బళ్లు పెట్టి కుప్పను తొట్టిలోకి తోలమన్నాడు. తను మెట్లెక్కి అద్దాల గదిలోకి పోయాడు.

తొట్టి నిండింది. లూసిల్ సంచి తగిలించింది. గింజ జారింది. ఆమోసు కాటా మీదికెత్తుకుని తూచాడు. సంచిలోకి చూసి, చూడనట్టు తల తిప్పుకుని బెల్టు మీదికి తోశాడు.

బస్తా దీనమ్మ ముందుకొచ్చింది. మూతి తెరుచుకుని ఉంది. ఈసారి వెతకాల్సిన పని లేదు. చూపు పడ్డచోటల్లా నీలమే. ఆమె మూతి రెండంచులూ దగ్గరకు తెచ్చింది. మడిచింది. సూది దాకా తీసుకుపోయింది. పాదం పెడలు మీదే ఉంది.

పాదం తీసి కింద పెట్టుకుంది.

మడత విడిపోయింది. వెనక బస్తా వచ్చి గుద్దింది. అదీ తెరుచుకునే ఉంది. మూడోది వచ్చి తోస్తే మొదటిది బెల్టు అంచు నుంచి పక్కకు ఒరిగి నేల మీద పడింది. గింజలు దీనమ్మ బూట్ల చుట్టూ పరుచుకున్నాయి.

"దీనమ్మా!" సామ్యూలు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంది, ఏమైంది?"

"ఏం కాలా. నేను కుట్టను."

"పిచ్చా నీకు? పొద్దున్నుంచి కుట్టినవేంది మరి?"

"పొద్దున కుట్టినయ్యి నా పాపం. అవి కూడా దింపి విప్పించాల నువ్వు. ఇయ్యి మాత్రం కుట్టను."

"నువ్వు కుట్టకపోతే ఇంకొకళ్లు కుడతారు. లే. నేను కుడతా."

దీనమ్మ స్టూలు మీంచి లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "మరదల్ని చెయ్యి పట్టుకుని లాగుతావా? లాగు. చర్చి వాళ్లందరూ సూస్తన్నారు."

బళ్లు తోసేవాళ్లు బళ్లు ఆపారు. వాళ్లు చర్చి వాళ్లే. ఒకతను, ఉద్యోగం మీద ఆశతో కాబోలు, "అక్కా, పిల్లలు గలోళ్లం" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నీ పిల్లలకే పెడదాం రా," అంది దీనమ్మ అతని వైపు తిరక్కుండానే. ఆమె సామ్యూలునే చూస్తోంది. వంగి కాళ్ల దగ్గరి గింజలు దోసెడు ఎత్తింది. "బావా, సాయంత్రం ఇయ్యి మీ ఇంటికి తెస్తా. మా అక్క దగ్గర మిక్సీ ఉంది. పిండి పట్టి అంబలి కాస్తా. నువ్వు ఒక్క లోటా తాగు. రేపు పొద్దున నువ్వు లేచి కారు తోలుకుంటా వస్తే, ఈ కుప్పంతా నేనొక్కదాన్నే కుట్టేస్తా. కూలీ కూడా వద్దు."

వేళ్ల సందుల్లోంచి గింజలు రాలుతున్నాయి. సామ్యూలు ఆ దోసిలినే చూస్తున్నాడు.

బస్తాలు వస్తూనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి బెల్టు మూలిగింది.

"ఏమయ్యా," అంది దీనమ్మ. మొగుణ్ని ఉద్దేశించి. అంతే.

ఆమోసు కాటా పక్కన నిలబడి ఉన్నాడు. ఈ మూడేళ్లలో ఎవరికీ ఎదురు చెప్పినవాడు కాదు. జోకులేసి తప్పుకునే మనిషి. అద్దాల గది వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. గోడ మీద ఎర్రబొత్తాం ఉంది. ప్రమాదం జరిగితే తప్ప ముట్టుకోకూడదని మొదటిరోజే చెప్పారు. ఆమోసు పోయి దాన్ని అరచేత్తో నొక్కాడు.

బెల్టు ఆగింది. తొట్టి కింద మోటారు ఆగింది. షెడ్డులో ఇంత నిశ్శబ్దం ఉంటుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు. రేకుల మీద పావురాలు నడిచే చప్పుడు వినబడింది. లూసిల్ గొట్టానికి తగిలించిన సంచిని విప్పి, మడిచి, పక్కన పెట్టింది. చేతులు కట్టుకుని దీనమ్మ మిషను పక్కకు వచ్చి నిలబడింది.

పైన తలుపు తెరుచుకుంది. వేన్ రెండేసి మెట్లు ఒక్కసారిగా దిగి వచ్చాడు. మొహం కందిపోయి ఉంది. ఎవరికన్నా దెబ్బ తగిలిందా అని అడిగాడు ముందు. తగల్లేదని తెలిశాక గొంతు మారింది. బొత్తాం నొక్కిందెవరన్నాడు. ఆమోసు చెయ్యెత్తాడు. పనిలోంచి తీసేశాను పో అన్నాడు వేన్. ఆమోసు చెయ్యి దించాడు గానీ కదల్లేదు.

వేన్ కుట్టుమిషను దగ్గరకు వచ్చాడు. దీనమ్మ లేచి నిలబడింది. ఆమె తల అతని ఛాతీ దాకా వస్తుంది. దోసిలి అతని ముందు పెట్టింది.

"నో, సర్," అంది. "నో స్టిచ్."

ఆ షెడ్డులో ఆమె నోట వచ్చిన మొదటి ఇంగ్లిషు వాక్యం అది. అంతకు మించి ఇంగ్లిషు రాదు. తెలుగులో అంది. "ఇది సంపుద్ది. తినేవాళ్లు మడుసులు. పందులోడికి తెలిసింది నీకు తెలియదా దొరా? ఆ అబ్బాయికి కబురు పెట్టు. పొద్దుటి బస్తాలు కూడా దింపు. పెట్టకపోతే నేను పెడతా, నాకు రాకపోతే లూసిల్ సేత పెట్టిస్తా."

వేన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైన మాట ఒకటే, లూసిల్. అతను లూసిల్ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. బయట ఇంజను వచ్చి పెట్టెలకు తగులుకున్న చప్పుడుకు రేకులు అదిరాయి.

"వాట్ ద హెల్ ఈజ్ షి సేయింగ్, శామ్?"

సామ్యూలు టోపీ తీశాడు. నుదుటి మీద టోపీ అంచు ఎర్రటి గీత పెట్టింది. అతను వేన్‌నీ చూడలేదు, దీనమ్మనీ చూడలేదు. బళ్ల దగ్గర నిలబడ్డ మనుషులను ఒక్కొక్కళ్లనే చూశాడు. వాళ్లు కూడా అతన్నే చూస్తున్నారు.

"సెప్పు బావా," అంది దీనమ్మ. "తగ్గిచ్చి సెప్పబాక."

"షి సేస్..." అన్నాడు సామ్యూలు. అక్కడే ఆగాడు.

వేన్ చేతులు నడుం మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"షి సేస్," అన్నాడు మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా. చొక్కా జేబులోంచి పొద్దుటి నీలం గింజ తీసి వేన్ ముందు పెట్టాడు.